తాడు మీద చెయ్యి

‘బీచ్ మూసేశారు’ అని పేపర్లో వేశారు. ఆ మాట ఎవరన్నా నాకు ఒళ్ళు మండుతుంది. సముద్రాన్ని ఎవరు మూస్తారు? అది ఆ రోజు కూడా మా ఇంటి వెనకాలే ఉంది, ఎప్పుడూ చేసే రొదే చేస్తోంది. మూసింది దాని దగ్గరికి వచ్చే రోడ్డుని. ఆ రోడ్డు మీద వచ్చే మనుషుల్ని నమ్ముకుని బతికేవాళ్ళం మేము. కాబట్టి మూసింది మమ్మల్ని.

నేను సముద్రం ఒడ్డున పుట్టినదాన్ని కాదు. అద్దంకి అవతల మిరప చేల మధ్య పుట్టాను. ఇంటర్ మధ్యలో ఆపేసి, ఎండాకాలమంతా షెడ్డులో కూర్చుని ఎండు మిరపకాయల తొడిమలు తీసే కూలికి పోయేదాన్ని. ఆ పని చేసినవాళ్ళకి చెప్పక్కర్లేదు, చేయనివాళ్ళకి చెప్పినా తెలియదు. చేతులు నిప్పులు పోసినట్టు మండుతాయి. ఆ చేతులతో కళ్ళు ముట్టుకోకూడదు. పక్కింటి పసిపిల్ల నవ్వుతూ మీదికి వస్తే ఎత్తుకోకూడదు. దగ్గు మొదలైతే వానలు పడేదాకా తగ్గదు. కొత్తపట్నం దగ్గర పల్లెపాలెంలో సంబంధం వచ్చినప్పుడు, అబ్బాయి ఎలా ఉన్నాడని నేను అడగలేదు. అక్కడ మిరపకాయల పని ఉండదు కదా అని అడిగాను. మా అమ్మ నవ్వింది గానీ, నేను నవ్వులాటకి అడగలేదు.

పెళ్ళయ్యాక ఆ షెడ్డు మొహం మళ్ళీ చూడనని ఒట్టు పెట్టుకున్నాను. ఆ ఒట్టు నిలబెట్టింది మా అత్త బండి. సరుగుడు తోట పక్కన, ఇసుక మొదలయ్యే చోట, నాలుగు చక్రాల మీద ఒక రేకుల బండి, దాని మీద గ్యాసు పొయ్యి, పెద్ద బాణలి. చేపముక్కలకి కారం పట్టించడం అత్త నాకు నేర్పిందని అందరూ అనుకుంటారు. కాదు, నేనే ఆవిడకి నేర్పాను. కారం గురించి నాకు తెలిసినంత ఈ ఒడ్డున ఎవరికీ తెలియదు. ఆ ఒక్క విషయంలో మా అత్త కూడా నాతో వాదించదు, మిగతా అన్నిటిలో వాదిస్తుంది.

ఆదివారం చర్చి అవగానే మేము బండి దగ్గరికి పరిగెత్తేవాళ్ళం. ఒంగోలు నుంచి కార్లు, చిలకలూరిపేట వైపు నుంచి ట్రాక్టర్లు, సండే స్కూలు పిల్లల్ని ఎక్కించుకుని మినీ లారీలు వచ్చేవి. పత్తి మిల్లుల్లో, మిరప యార్డుల్లో వారమంతా ఒళ్ళు హూనం చేసుకున్నవాళ్ళు నీళ్ళలో కాళ్ళు పెట్టి పసిపిల్లల్లా కేకలేసేవాళ్ళు. వాళ్ళ వల్ల బతికేది మేమొక్కళ్ళమే కాదు. మొక్కజొన్న పొత్తులు కాల్చేవాళ్ళు, కొబ్బరి బోండాలవాళ్ళు, ఆటోలవాళ్ళు, ఉప్పునీళ్ళు కడుక్కోవడానికి బకెట్టు మంచినీళ్ళు అమ్మే ముసలామె. ఏప్రిల్ మధ్య నుంచి గుడ్లు పెట్టే కాలమని మర పడవలకి వేట నిషేధం. అప్పుడు పడవలన్నీ ఒడ్డున బోర్లా పడుకుంటాయి, మగాళ్ళు గూడా ఇంచుమించు అంతే. ఆ రెండు నెలలూ పాలెం మొత్తానికి అన్నం పెట్టేది వచ్చిపోయే జనమే.

ఆ ఎండాకాలం, నిషేధం మొదలైన వారానికే, మాకు ఉత్తరాన ఉన్న మొగ దగ్గర కాలేజీ పిల్లలు మునిగిపోయారు. మొగ అంటే వాగు వచ్చి సముద్రంలో కలిసే చోటు. అక్కడ పైకి నీళ్ళు నిలకడగానే కనిపిస్తాయి, అడుగున లాగేస్తాయి. మా వాళ్ళెవరూ అక్కడ పిల్లల్ని దిగనివ్వరు. వీళ్ళకి చెప్పేవాళ్ళు లేరు. మా ఆయన, పాలెం మగాళ్ళు తెప్పలేసుకుని వెతికి వాళ్ళని ఒడ్డుకి తెచ్చారు. ఒక పిల్లాడి మీద మా అత్త తన పైటకొంగు చింపి కప్పింది. వాడి తల్లి వచ్చేదాకా వాడి పక్కనే కూర్చుంది. ఆ తల్లి ఏడుపు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. ఇది ఎందుకు చెబుతున్నానంటే, తరవాత మమ్మల్ని ‘మీకు బేరాలే ముఖ్యం, ప్రాణాలు కాదు’ అన్నవాళ్ళు ఉన్నారు. ఆ మాట అన్నవాళ్ళలో ఒక్కడూ ఆ రోజు నీళ్ళలో దిగలేదు.

మర్నాడే మెయిన్ రోడ్డు నుంచి పాలెంలోకి తిరిగే మలుపులో బారికేడ్లు పెట్టారు. బయటివాళ్ళెవరూ రాకూడదని ఆర్డరు. ఎప్పటిదాకా అంటే, తదుపరి ఉత్తర్వుల దాకా. మొగ దగ్గర ఎర్రజెండాలు పాతండి, ఈల ఇచ్చి మా కుర్రాళ్ళని కాపలా పెట్టండి అని మావాళ్ళు వెళ్ళి ఆఫీసర్లకి చెప్పుకున్నారు. చూద్దాం అన్నారు. చూస్తూనే ఉన్నారు.

రెండు ఆదివారాలు గడిచేసరికి పాలెంలో పొగ లేదు, చప్పుడు లేదు. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఏమిటో నాకప్పుడు తెలిసింది. ఒకవైపు వేట లేదు, ఇంకోవైపు జనం లేరు. మా ఆయన చెన్నై వైపు పోతానన్నాడు. అక్కడా నిషేధమేనయ్యా, పోయి ఏం చేస్తావని ఆపాను. చివరికి నేనే మా అన్నయ్యకి ఫోను చేశాను. షెడ్డులో చోటు ఉందా అని అడిగాను. ఉంది, వచ్చే సోమవారం వచ్చి తీసుకెళ్తానన్నాడు. ఫోను పెట్టేసి పెరట్లోకి పోయి ఏడ్చాను. సిగ్గుపడి కాదు, కోపంతో. ఇన్నేళ్ళు కష్టపడి దాటిన చోటికి, ఎవరో రోడ్డుకి అడ్డంగా రెండు ఇనప కమ్మీలు పెట్టినందుకు, మళ్ళీ పోవాలా?

మా అత్తకి చెబితే ఆవిడ నన్ను ఓదార్చలేదు. ఆవిడకి ఆ అలవాటు లేదు.

“సోమవారం గదా పొయ్యేది? ఆదివారానికి చానా టైముంది” అంది. అని చెప్పులేసుకుని వాళ్ళ తమ్ముడి ఇంటికి పోయింది.

ఆయన నాకు బాబాయి వరస. ఆయనకి ఒక అలివి వల ఉంది. మర అక్కర్లేని పాతకాలం వల అది, నిషేధంలో కూడా దానికి అడ్డు లేదు. చేత్తో తెడ్డేసే పడవ మీద దాన్ని తీసుకుపోయి సముద్రంలో అరచందమామలా చుట్టి దింపుతారు. దాని రెండు కొసల తాళ్ళు ఒడ్డు మీద ఉంటాయి. రెండు వరసల జనం వెనక్కి నడుస్తూ ఆ తాళ్ళు లాగుతారు. ఆ వలకి మా పాలెంలో ఒక కట్టుబాటు ఉంది. తాడు మీద చెయ్యి వేసిన ప్రతి మనిషికీ చేపల్లో పాలు ఇవ్వాలి. ముసలీ ముతకా అయినా, దారినపోయేవాడైనా సరే. అలాగే, తాడు పట్టినవాళ్ళు వల ఒడ్డెక్కేదాకా వలకి పెద్ద అయినవాడి మాట దాటకూడదు. ఆయన కూర్చోమంటే కూర్చోవాలి, నీళ్ళు ముట్టొద్దంటే ముట్టకూడదు. మనుషులు చాలక బాబాయి ఆ వలని అటక మీద పడేసి చాలా కాలమైంది. అత్త పోయి అడిగాక దాన్ని కిందికి దించి, చిరుగులు కుట్టి, ఆదివారం సముద్రంలో చుట్టి పెట్టాడు.

ఆదివారం అద్దంకి వైపు నుంచి ఒక ట్రాక్టరు వచ్చింది. ఆర్డరు సంగతి తెలియని చర్చివాళ్ళు, సగం మంది ఆడవాళ్ళే. మలుపులో కానిస్టేబులు ఆపేశాడు. వాళ్ళు వెనక్కి తిప్పుకుంటుంటే మా అత్త అడ్డం పోయింది.

“వీళ్ళు బీచ్ చూట్టానికి రాలేదు బాబూ. వల లాగటానికి వచ్చారు” అంది.

కానిస్టేబులు ట్రాక్టరులోకి చూశాడు. ఇస్త్రీ చీరలు, తలల్లో పూలు.

“ఈళ్ళా?” అన్నాడు.

“కూలోళ్ళు మంచి చీర కట్టుకోకూడదా? ఆదివారమాయె” అంది అత్త.

ట్రాక్టరులో ఉన్న పెద్దావిడకి విషయం చప్పున అర్థమైంది. “అవునయ్యా, లాగటానికే వచ్చాం” అని దిగింది. ఆవిడ వెనకే అందరూ దిగారు. కానిస్టేబులు ఫోను తీసి ఎస్సైగారికి చెబుతున్నాడు. ఈలోపు మేము నడుచుకుంటూ ఒడ్డుకి వచ్చేశాం.

వాళ్ళు లాగిన లాగుడు చూడాలి. ఎడమ వరసలో మగాళ్ళు ఊపుమీద పడి లాగితే వల ఒక పక్కకి ఒరిగిపోయింది. బాబాయి నోటికొచ్చినట్టు తిట్టాడు. “ఏరా, గేదెని లాగుతున్నావా? ఆగు. ఆళ్ళతో కలిసి రా.” ఆ తరవాత హైలెస్సా అంటూ రెండు వరసలూ దారిలో పడ్డాయి. నేనూ తాడు పట్టాను. నా ముందున్న ఆవిడ అరచేతులు చూశాను. ఎర్రగా కమిలి, గోళ్ళ మూలల్లో పగుళ్ళు. తొడిమలు తీసే చేతులు, అడగక్కర్లేదు. ఉప్పుతాడు ఒరుసుకుంటే మండుతోందమ్మా అంది, నవ్వుతూనే.

వల సగంలో ఉండగా ఎస్సైగారు జీపు దిగి ఇసుకలో నడుచుకుంటూ వచ్చారు. చెడ్డాయన కాదు. మునిగిపోయిన పిల్లలని ఒడ్డుకి చేర్చిన రోజున ఆయన కూడా టోపీ తీసి ఒక పక్కన నిలబడ్డారు. కానీ ఆర్డరు ఆర్డరే కదా.

“ఏంటయ్యా ఇంతమంది?” అని బాబాయిని అడిగారు.

“వల బరువండి.”

“వీళ్ళు మీ ఊరివాళ్ళు కాదు.”

“తాడు మీద చెయ్యేసినోళ్ళు వల ఒడ్డెక్కేదాకా మా ఊరోళ్ళేనండి. మా తాతల నాటి కట్టుబాటు.”

“ఎవరన్నా నీళ్ళల్లోకి దిగితే?”

“నేనుండగా మోకాలు తడవదండి. చూస్తా ఉండండి. ఇప్పుడు ఆపమంటే మాత్రం వల పోద్ది, మీ ఇష్టం.”

ఎస్సైగారు చూస్తూ నిలబడ్డారు. నిజంగానే ఒక్క పిల్ల కూడా నీళ్ళవైపు పోలేదు. బాబాయి చూపు దాటి పోవడం ఎవరి తరం? రోడ్డు మీద బారికేడ్లు చేయలేని పని, లుంగీ పైకి కట్టిన ఒక ముసలాయన నోరు చేసింది. వల ఒడ్డెక్కింది. గొప్ప చేపలేం పడలేదు. కవళ్ళు, కాసిన్ని రొయ్యలు, గిన్నెడు చిల్లర చేపలు. బాబాయి ఇసుక మీద కుప్పలు పెట్టి అందరికీ పంచాడు. వాళ్ళు ఒళ్ళో పోసుకుని మా బండి దగ్గరికి వచ్చారు, వేయించిపెట్టమని. నేను పొయ్యి వెలిగించి బాణలి పెట్టాను.

అప్పుడు ఎస్సైగారు నా వైపు తిరిగారు.

“వల జోలికి నేను రానమ్మా. అది మీ వేట. కానీ బీచ్‌లో వ్యాపారం వద్దని ఆర్డర్లో స్పష్టంగా ఉంది. ఈ బండి స్టేషనుకి పంపించాల్సిందే.”

బతిమాలలేదు నేను. బాణలి ఇంకా వేడిగా ఉంది, చేతులు కాలతాయి చూసుకోండి అని మాత్రం చెప్పాను. కానిస్టేబుళ్ళు గ్యాసు సిలిండరు విప్పి, బండిని వ్యానెక్కించారు. రేపు పొద్దున మా అన్నయ్య వస్తాడు, నేను బట్టలు సర్దుకుని ఎక్కాలి, ఇంక దారి లేదు అనుకున్నాను. ఆ ట్రాక్టరు జనం ఒళ్ళలో పచ్చి చేపలతో దిక్కులు చూస్తున్నారు. కమిలిన చేతుల ఆవిడ నన్నడిగింది, “ఇప్పుడీటిని ఏం చేసుకోవాలమ్మా?”

ఆవిడ మొహం చూశాక నాకు ఎక్కడలేని రోషం వచ్చింది.

“మా ఇంటికి పదండి” అన్నాను.

మా ఇంట్లో ఉన్నది నాలుగు అడుగుల వంటిల్లు. అందులో ఇంతమందికి ఎక్కడ వండుతావే అని అత్త గొణిగింది గానీ, పెరట్లో మూడు రాళ్ళు పెట్టి సరుగుడు పుల్లలు రాజేసింది ఆవిడే. చాలకపోతే పక్కింటివాళ్ళు వాళ్ళ పొయ్యి అంటించారు. ఆ పక్కనా అంటించారు. మంచినీళ్ళ ముసలామె బకెట్లతో వచ్చేసింది. ఎవరి చేపలు వాళ్ళవి, కారమూ కట్టెలూ మావి. వండిపెట్టినందుకు వాళ్ళు ఇచ్చింది తీసుకున్నాం, దాచేదేముంది.

పొగ చూసి ఎస్సైగారు వీధిలోకి వచ్చారు. గుమ్మం ముందు ఆగి, “ఏంటమ్మా ఇది?” అన్నారు.

“మా ఇల్లండి” అన్నాను. “ఇంటికొచ్చినోళ్ళకి అన్నం పెట్టకూడదని కూడా ఆర్డరుందా అండి? ఉంటే చూపించండి, పొయ్యి ఆర్పేస్తాను.”

నా గొంతు నాకే కొత్తగా ఉంది. ఆయన వీధి పొడుగునా ఒకసారి చూశారు. అన్ని పెరళ్ళలోంచీ పొగ లేస్తోంది. పిల్లల్ని నీళ్ళ దగ్గరికి పోనివ్వకండి అని చెప్పి జీపెక్కారు. పోనివ్వం అన్నాను. మనసారా అన్నాను ఆ మాట.

సోమవారం పొద్దున్నే మా అన్నయ్య మోటారుసైకిలు మీద వచ్చాడు. నేను పెరట్లో చేపల పొలుసు గీస్తున్నాను. అంతకుముందు రోజు వచ్చినవాళ్ళు ఊరికి పోయి మా నంబరిచ్చి చెప్పినట్టున్నారు, పొద్దు పొడవకముందే ఇంకో ట్రాక్టరువాళ్ళు ఫోను చేసి, మీ వల ఎప్పుడు దింపుతారని అడిగారు. అన్నయ్య గుమ్మంలో నిలబడి, “ఏమ్మా, బయలుదేరదామా, షెడ్డువాళ్ళకి మాటిచ్చాను” అన్నాడు.

నేను నోరు తెరిచేలోపే మా అత్త అన్నయ్యకి పీట వేసి, కంచంలో అన్నం, వేయించిన కవళ్ళు పెట్టింది.

“తిను బాబూ. తిని పో. మా అమ్మాయికి ఖాళీ లేదు” అంది. “షెడ్డోళ్ళకి మాటిచ్చావంటన్నావుగా, వచ్చే ఆదివారం ఆళ్ళందర్నీ ట్రాక్టరెక్కించుకుని ఇక్కడికి తీసుకురా. తాడు కాడ మనుషులు చాలట్లేదు.”