నర్సమ్మ అడిగిన ఇల్లు

హాస్టల్ గదిలో పెట్టె దింపిన రోజు నుంచీ నర్సమ్మకి ఒకటే ధ్యాస, అక్కణ్ణుంచి ఎప్పుడు బయటపడతానా అని. గది బాగాలేక కాదు. మంచం, బల్ల, బీరువా, సొంత బాత్‌రూము, అన్నీ ఉన్నాయి. లేనిదల్లా ఇంకో మనిషికి చోటు. పదమూడేళ్ళ కూతుర్ని చెల్లెలి ఇంట్లో వదిలి, "ఇల్లు దొరకగానే తీసుకెళ్ళిపోతానే" అని మాటిచ్చి విమానం ఎక్కిందావిడ. ఆసుపత్రిలో నర్సుగా ఏళ్ళ తరబడి పనిచేశాక పరదేశం నుంచి పై చదువుకి పిలుపు వస్తే ఎవరు కాదనుకుంటారు? మొగుడికి అప్పజెబుదామా అంటే, ఉద్యోగం పేరు చెప్పి ఏడాదిలో సగం ఊళ్ళు పట్టుకు తిరిగే మనిషి. ఆయన్నే ఎవరైనా చూసుకోవాలి.

పిల్లలున్న విద్యార్థులకి రెండు గదుల ఇళ్ళు విడిగా ఉన్నాయి. ఖాళీ అయితేనే ఇస్తారు. ఆ వ్యవహారమంతా గదులకీ ఇళ్ళకీ తాళాలిచ్చే పెద్దాయన చేతిలో ఉంది. నర్సమ్మ ఆయన్ని తాళాల పెద్దాయన అనేది. ఆయన ఆఫీసు సరిగ్గా నర్సమ్మ గది కిందే. క్లాసుకి వెళ్తూ ఒకసారి, వస్తూ ఒకసారి ఆవిడ అక్కడ ఆగేది.

"ఖాళీ అయితే నేనే చెప్తానన్నాను కదమ్మా."

"ఊరికే, కనబడి పోదామని," అని నవ్వేది.

ఆ నవ్వు కూడా కష్టపడి తెచ్చుకున్నదే. వార్డులో పొద్దస్తమానం నిలబడ్డ మనిషికి కూర్చుని చదవడం ఇంత కష్టమని ఎవరనుకున్నారు? పుస్తకం తెరిస్తే కళ్ళు మూతలు పడేవి, పక్క మీద వాలితే నిద్ర పట్టేది కాదు. క్లాసులో అందరూ మీసాలు సరిగ్గా రాని పిల్లలు, వాళ్ళు గబగబా టైపు చేస్తుంటే ఈవిడ ఇంకా ముందు వాక్యం దగ్గరే ఉండేది. సాయంత్రానికి ఒళ్ళు హూనమయ్యేది. వెనక్కి పోదామని ఎన్నిసార్లు అనుకుందో లెక్కలేదు. పిల్ల వస్తే అన్నీ సర్దుకుంటాయని అంతకంటే ఎక్కువసార్లు అనుకుంది.

ఒకరోజు తాళాల పెద్దాయనే పిలిచాడు.

"ఒక ఇల్లు ఖాళీ అయింది. మధ్యాహ్నం వచ్చి మీ గది చూస్తాను. శుభ్రంగా ఉంచుకునేవాళ్ళకే ఇస్తాం."

శుభ్రమా? వార్డుల్లో నేలలు దగ్గరుండి కడిగించిన మనిషితోనా ఆ మాట? నర్సమ్మ చున్నీ నడుముకి బిగించింది. బకెట్టు కనబడకపోతే చెత్తబుట్ట ఖాళీ చేసి, సబ్బునీళ్ళు కలిపి, బాత్‌రూము నేల మీద ధడాలున కుమ్మరించింది. మళ్ళీ పట్టింది, మళ్ళీ కుమ్మరించింది. నీళ్ళు ఎటూ పోవడంలేదు. ఆ దేశపు బాత్‌రూముల్లో స్నానం చేసే మూలకే తూము ఉంటుంది. మిగతా నేల మన హాలు లాంటిదే, తుడుచుకోవాలి తప్ప కడక్కూడదు. ఆ ముక్క మన నర్సమ్మకి చెప్పిన పుణ్యాత్ముడు లేడు.

చూస్తుండగానే నీళ్ళు గోడవార సందుల్లోకి ఇంకిపోయాయి. అమ్మయ్య అనుకుంది పిచ్చితల్లి. అవి తిన్నగా పోయి తాళాల పెద్దాయన బల్ల మీద పడ్డాయి.

ఆయన పైకొచ్చాడు. భుజం తడిసి ఉంది.

"ఏం చేస్తున్నారమ్మా?"

"కడుగుతున్నానండీ."

"నేలనా?"

"నేలనే."

పక్కగదిలో ఉండే మన భాష పిల్ల చప్పుడు విని తువ్వాళ్ళు పట్టుకు పరిగెత్తుకొచ్చింది. "అయ్యో ఆంటీ, వచ్చిన కొత్తలో నేనూ ఇదే చేశాను, ఒక్క మగ్గుతో ఆపేశాను కాబట్టి బతికిపోయాను" అంటూ తుడవడం మొదలుపెట్టింది. నర్సమ్మకి పై ప్రాణాలు పైనే పోయాయి. దుప్పటి నేల మీద పరిచి మోకాళ్ళ మీద కూలబడి, అలాగే ఏడ్చేసింది.

"నా కూతుర్ని తెచ్చుకోవాలండీ. అందుకే కడిగాను. ఇంకెప్పుడూ కడగను."

ఆయన తడిసిన భుజం దులుపుకుంటూ దిగిపోయాడు. ఆ వారమంతా నర్సమ్మ ఆఫీసు ముందు నుంచి తలొంచుకుని నడిచింది. ఆయన ఎదురుపడితే పక్కదారి పట్టింది. తీరా ఆయనే ఒక ఉదయం మెట్ల దగ్గర ఆపి తాళం చేతిలో పెట్టాడు.

"ఈ ఇల్లు నేల మీదే ఉంది. కింద ఎవరూ లేరు. అయినా కడక్కండి."

నర్సమ్మ కాళ్ళు నేల మీద నిలవలేదు. ఖాళీ ఇంట్లో నిలబడే ఫోను చేసింది. చెల్లెలు తీసి, పిల్లకిచ్చింది.

"చిట్టీ, ఇల్లు దొరికిందే! నీ గదికి పెద్ద కిటికీ ఉంది. ఎప్పుడొస్తావు?"



"అమ్మా... రావాలా?"

"అదేంటే?"

"ఇక్కడ అలవాటైపోయింది. నువ్వు ఏడుస్తావని పిన్ని చెప్పొద్దంది." మెల్లిగా అంది. "నీ చదువయ్యాక నువ్వే వస్తావు కదా?"

నర్సమ్మ ఏడవలేదు. ఇన్నాళ్ళ అలసటంతా ఒక్కసారి మీద పడింది. ఆ నేల మీదే కూర్చుంది.

"అలాగే తల్లీ. అన్నం తిన్నావా?" అంది.

సాయంత్రం తాళం తిరిగి ఇవ్వడానికి వెళ్తే పెద్దాయన తెల్లబోయాడు.

"ఏమ్మా, ఇల్లు నచ్చలేదా?"

"ఇల్లు బాగుందండీ," అంది నర్సమ్మ. "మా అమ్మాయికి మా చెల్లెలిల్లు బాగుందట."