కుట్టుకి వదిలిన గోడ

మా బాబాయ్ దర్జీ. ఏ చొక్కా కుట్టినా లోపల అటు రెండంగుళాలు, ఇటు రెండంగుళాలు గుడ్డ వదిలేవాడు. "మనిషన్నాక లావెక్కుతాడు. గుడ్డ ఎక్కువైతే మడవొచ్చు, తక్కువైతే ఎవడూ ఏం చెయ్యలేడు" అనేవాడు. ఇరవై రెండేళ్లలో ఆయన కుట్టిందేదీ బిగుతైందని తిరిగి రాలేదు. ఆ ధీమాతోనే గోడ జోలికి వెళ్లాడు.

ఆ చలికాలం ఇంట్లో నీళ్లు కాచే పాత బాయిలర్ ప్రాణం విడిచింది. కొత్తది బిగించే ఆవిడ వచ్చి వంటగది చూసి, పొగ గొట్టం బయటికి పోవడానికి సందువైపు గోడకి కన్నం కొట్టించి ఉంచమంది. గొట్టం నాలుగంగుళాలు, దానికి ఇంకో అరంగుళం చాలని రెండుసార్లు చెప్పింది. బాబాయ్ రెండుసార్లూ తలూపాడు.

మేస్త్రి వచ్చేసరికి గోడ మీద దర్జీ సుద్దతో గీసిన పెద్ద గుండ్రం ఉంది.

"ఇందులోంచి వెళ్లేది గొట్టమా, ఏనుగు తొండమా?" అన్నాడు మేస్త్రి.

"కుట్టుకి వదిలాను."

"గోడకి కుట్టేంటండీ బాబూ?"

"నీకెందుకు, నువ్వు గీత మీద కొట్టు."

మేస్త్రి గీత మీదే కొట్టాడు. ఎనిమిదంగుళాల కన్నం పడింది. మధ్యలో గొట్టం పెట్టి చూస్తే, పెద్దాయన చొక్కా తొడుక్కున్న పసివాడిలా ఉంది. బాబాయ్ గోడ అంచు పట్టుకుని చూశాడు. అలవాటుగా లోపలికి మడవబోయాడు కూడా. రెండు పెళ్లలు ఊడి కాలి మీద పడ్డాయి.

గోడకి చెవులుంటాయంటారు. మా పిన్ని గోడకి ఆ రోజు నుంచి నోరు కూడా వచ్చింది. సందుకి అవతలే పోస్టుమాస్టరుగారి కిటికీ. పొద్దున్నే పిన్ని కూరలు తరుగుతూ, "ఆ పోస్టుమాస్టరుగారి మీసం చూశారా? పాత చీపురు అడ్డంగా అంటించుకున్నట్టు లేదూ?" అంది.

"వింటున్నానమ్మా" అని కన్నంలోంచి వినబడింది.

పిన్ని చేతిలో వంకాయ జారిపోయింది. సిగ్గుతో రెండు రోజులు సైగలతోనే వంట చేసింది. "ఉప్పు తక్కువైంది" అని బాబాయ్ అంటే, ష్ అని కన్నం వైపు వేలు చూపించేది. మూడో రోజు పోస్టుమాస్టరుగారే సందులోకి వచ్చి, కన్నంలోంచి చెయ్యి చాచి, "మీ ఇంట్లో చక్కెర అయిపోయిందని వినబడింది" అంటూ గ్లాసుడు చక్కెర అందించాడు. అదే కన్నంలోంచి ఓ పిల్లి వచ్చి ఆ రోజు పాలు మొత్తం తాగేసింది. గాలి సంగతి సరేసరి. పిన్ని స్వెట్టరు మీద స్వెట్టరు వేసుకుని, చన్నీళ్లతో ముఖం కడుక్కున్నప్పుడల్లా బాబాయ్ వైపు ఓ చూపు చూసేది.

బాబాయ్ ఊరుకునే రకం కాదు. తనకి తెలిసిన విద్యే వాడాడు. మందపాటి కోటు గుడ్డతో, లోపల దూది కూరి, నాలుగు గుండీలు పెట్టి గొట్టానికి కాలరు కుట్టాడు. కన్నంలో సరిగ్గా సరిపోయింది. చూడ్డానికి మాత్రం ముచ్చటగా ఉంది.

బాయిలర్ ఆవిడ వచ్చి కాలరుని అటూ ఇటూ తిప్పి చూసింది. "కుట్టు చక్కగా ఉంది. తీసెయ్యండి."

"మాసితే ఉతుక్కోవచ్చండీ" అన్నాడు బాబాయ్.

"ఒక్కసారి వెలిగిస్తే ఉతకడానికి బూడిద తప్ప ఏమీ మిగలదు. గొట్టం చుట్టూ ఖాళీ ఉంటే పొగ మళ్లీ ఇంట్లోకే వస్తుంది. మీరందరూ నిద్రలోనే పోతారు. గోడ సరిగ్గా మూసేదాకా నేను వెలిగించను." సంచి భుజాన వేసుకుని వెళ్లిపోయింది.

బాబాయ్ వంటగదిలో ముక్కాలిపీట మీద కూలబడ్డాడు. "గుడ్డయితే నా మాట వినేదే" అన్నాడు. పిన్నికి అప్పటిదాకా ఉన్న కోపం కాస్తా ఆ మాటతో నీరుగారిపోయింది. "పోనీలెండి, ఈ గోడకి లావెక్కే యోగం లేదు. మేస్త్రిని పిలవండి" అంది.

ఆయనకి అన్నిటికంటే కష్టమైన పని అదే. మేస్త్రి నవ్వుతూ వచ్చాడు. గొట్టానికి రేకు తొడుగు పెట్టి, చుట్టూ ఇటుక ముక్కలు పేర్చి, సిమెంటు కూరడం మొదలెట్టాడు. మధ్యలో ఆగి, "ఏమండీ, కుట్టుకి ఎంత వదలమంటారు?" అన్నాడు.

బాబాయ్ "ఆవిడ చెప్పినంతే" అన్నాడు.

బయటి వైపు అతుకు అసహ్యంగా కనబడుతుంటే, బాబాయ్ కాగితం మీద వలయం కత్తిరించి, రేకులవాడి చేత అచ్చం అలాగే బిళ్ల చేయించి బిగించాడు. వెంట్రుక కూడా దూరలేదు. బాయిలర్ ఆవిడ ఎక్కడైనా ఖాళీ ఉందేమోనని చిన్న అద్దం పెట్టి చుట్టూ చూసి, వెలిగించింది.

పిన్ని గంటన్నర స్నానం చేసింది. తర్వాత బాబాయ్ వెళ్లి వేణ్ణీళ్ల తొట్టిలో నిద్రపోయాడు. దుకాణం ఇంకా తెరవలేదేమని ఓ ఖాతాదారు ప్యాంటు పట్టుకుని ఇంటికే వచ్చాడు.

"రేపు రండి బాబూ," అంది పిన్ని. "ఇవాళ ఆయన నానుతున్నారు."