బోర్డు మీద పచ్చిపులుసు

అది గురువారం, పొద్దున సరిగ్గా పదకొండున్నర. అశోక్‌నగర్‌లోని మా మెస్‌లో మొదటి బంతి కూర్చునే వేళ. తినేవాళ్లంతా సర్కారు కొలువుల పరీక్షలకు చదివేవాళ్లే. అరవై దాటాక నాకు అక్షరాలు నేర్పింది వాళ్లే. అప్పటి నుంచి పొద్దున్నే, వంటకు ముందే, ఆనాటి కూరల పేర్లు బోర్డు మీద నేనే రాస్తాను. వంట కన్నా రాత మీదే నాకు మోజు, దాచుకోవడం ఎందుకు.

మా పై గదిలో కిరాయికి ఉండే అమ్మాయి ఆ రోజు రెండు గంటలకు నారాయణగూడలోని ఒక కంప్యూటర్ సెంటర్‌లో సి భాష పాఠం చెప్పి చూపించాలి. మెచ్చితే టీచర్ ఉద్యోగం, లేదంటే గది ఖాళీ చేసి ఊరికి పోవడమే. అందుకని పది గంటలకే లాప్‌టాప్ తెచ్చి నన్ను విద్యార్థిని చేసింది. తెలుగు చదవడమే నాకు నిన్నమొన్న వచ్చింది, అయినా కూర్చున్నాను.

ఫంక్షన్ అంటే ఒక పని చేసిపెట్టే ముక్క అట. అలాంటిది ఉందని పైన పేరు చెప్పడం డిక్లరేషన్, ఆ పని ఎలా చేయాలో రాయడం డెఫినిషన్. ప్రోగ్రాం మాత్రం మెయిన్ అనే ఫంక్షన్ నుంచే మొదలవుతుందట. అంత పెద్దదైతే అన్నిటికన్నా పైన ఎందుకు లేదని అడిగాను.

"ఏడ రాసినా నడుసుడు దాని నుంచే షురూ అయితది అమ్మా. మన పొయ్యి ఏ మూలకున్నా, తినేటోళ్లు తలుపుల నుంచే వస్తరు గద," అంది.

తీరా నడిపి చూపించబోతే నడవలేదు. కూడిక అనే ఫంక్షన్ దొరకలేదని తెర మీద పడింది. పైన పేరుంది, మెయిన్‌లో దాన్ని పిలవడమూ ఉంది. మళ్లీ మళ్లీ నొక్కింది. నేను ఓదార్చలేదు. పరేషాన్‌లో ఉన్నవాళ్లకు ఓదార్పు ఇంకో పరేషాన్.

అంతలో మొదటి బంతికి వచ్చి కూర్చున్న ఇద్దరిలో ఒకడు పచ్చిపులుసు అడిగాడు. మా వంటామె గిన్నెల మూతలన్నీ తీసి చూసి, నా వైపు చూసింది. పచ్చిపులుసు ఎప్పుడూ నా వంతే. బోర్డు మీద ఆ పేరు ఒత్తులతో సహా తప్పు లేకుండా రాశానన్న సంబరంలో, చిక్కడపల్లి మార్కెట్ నుంచి తెచ్చిన చింతపండును సంచిలోంచే తీయలేదు.

"పేరు రాస్తే పులుసు అయితదా అమ్మా?" అన్నాడు అతను.

అమ్మాయి బోర్డును చూసింది, తెరను చూసింది, పకపకా నవ్వింది. కూడిక ఎలా చేయాలో తను ఎక్కడా రాయలేదు. పేరు చూసి నమ్మిన కంప్యూటర్, చివర్లో అన్నీ జోడించేటప్పుడు అసలు సరుకు లేక ఆగిపోయిందట. నాలుగు వరుసలు రాసింది. నడిచింది.

సాయంత్రం ఉద్యోగం వచ్చిందని చెప్పింది. పాఠం మా బోర్డుతోనే మొదలుపెట్టిందట.

"మంచిగ రాస్తనని చెప్పినవా?" అన్నాను.

"చెప్పిన. పులుసు చెయ్యలేదని గూడ చెప్పిన."

ఆ రోజు అక్కడున్నవాళ్లం: నేను, ఆ అమ్మాయి, వంటామె, ఉత్త పప్పుతో తిని లేచిన ఆ ఇద్దరు. పచ్చిపులుసు లేదు.