చుట్టం నీళ్ళ జాగ

మా అవ్వకు నాలుగు రకాల నీళ్ళు తెలుసు. నాకు బి.ఎస్సీ. వృక్షశాస్త్రం తెలుసు. ఎవరి మాట వినాలన్న విషయంలో ఆ ఎండాకాలం మా ఇంట్లో ఎవరికీ అనుమానం రాలేదు. కాలేజీకి పోయినదాని మాటే విన్నారు. ఆ సంగతి రాయాలని చాలా ఏళ్ళుగా అనుకుంటూ, ప్రతిసారీ ఏదో వంక పెట్టుకుని తప్పించుకున్నాను. ఇప్పుడు వంకలు అయిపోయాయి.

మా ఊరు నందికొండకు ఎగువన, కృష్ణ ఒడ్డున ఉండేది. ఇప్పుడది సాగర్ నీళ్ళ అడుగున ఉంది. సాగర్ కట్టకుండా ఉండాల్సిందని వాదించేదాన్ని కాను నేను. దాని కాలువ కింద పండిన బియ్యమే తింటున్నాను, తింటూ అబద్ధమెందుకు? కానీ ఆ నీళ్ళ కింద ఏముందో తెలియకుండా, గట్టు మీద నిలబడి "ఆహా, సముద్రంలా ఉంది" అనేవాళ్ళను చూస్తే మాత్రం నా నాలుక ఆగదు. మా ఇంటివాళ్ళు నాతో అక్కడికి రావడం అందుకే మానేశారు.

మేము నేతపనివాళ్ళం. ఇంట్లో రెండు మగ్గాలుండేవి. బాపు నేసేవాడు, బాపు తల్లి అవ్వ రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టేది. కండె అంటే మగ్గం మీద అటూ ఇటూ పరిగెత్తే నాడెలో పెట్టే నూలు చుట్ట. ఆ నూలు చుట్టుకోవడానికి లోపల నాలుగు వేళ్ళ పొడవు బోలు పుల్ల ఒకటి కావాలి. తడి నూలు చుడతారు కాబట్టి అది ఆరి బిగిసినప్పుడు పుల్ల చీలకూడదు. చీలితే నూలు చిక్కుపడి, నాడె ఆగి, మగ్గం ముందున్న మనిషి నోట రాకూడని మాటలు వస్తాయి. చీలని పుల్ల నది ఒడ్డున పెరిగే కిక్కిస గడ్డిలోనే దొరికేది. అన్ని కిక్కిసలూ కాదు, ఒక్క జాగలో పెరిగినదే. అవ్వ కోసిన కాడను ముందరి పళ్ళ మధ్య పెట్టి నొక్కేది. టక్‌మంటే మంచిది. మెత్తగా నొక్కుకుని పంటి గాటు పడితే అక్కడే ఉమ్మేసి ముందుకు నడిచేది.

ఆనకట్ట పని జోరుగా సాగుతున్న రోజులవి. నేను హైదరాబాద్‌లో హాస్టల్లో ఉండి చదువుకుంటున్నాను. ఎండాకాలం సెలవులకు బయలుదేరుతుంటే మా లెక్చరరమ్మ ఒక పెద్ద కాగితం చేతిలో పెట్టింది. "మీ ఊరు మునుగుతుందంటున్నావు కదా. మునిగేలోపు ఆ ఒడ్డును రకాలుగా విడదీసి రాసుకురా. ఏ తావులో ఏ మొక్క ఉందో తెలిస్తేనే కదా దేన్ని కాపాడుకోవాలో తెలిసేది" అంది. ఆ మాట నాకు ఇప్పటికీ గౌరవమే. ఆ రోజుల్లో గడ్డిని కాపాడాలని తలచిన మనిషిని నేను ఇంకొకరిని చూడలేదు. కాగితం మీద నాలుగు గళ్ళున్నాయి: నిలవ నీరు, చిత్తడి, ఇసుక మేట, పొడి నేల. చిట్యాల దాటేదాకా బస్సులో దాన్ని మడవకుండా ఒళ్ళో పట్టుకుని కూర్చున్నాను. నల్లగొండ చేరేసరికి సగం ఒడ్డు నా మనసులోనే రాసేశాను.

నేను వెళ్ళేసరికి ముంపు సర్వే గుమాస్తా మా ఊళ్ళోనే ఉన్నాడు. ఇళ్ళు, బావులు, చెట్లు, పొలాలు రాసుకుంటున్నాడు. కిక్కిస జాగ దగ్గరికొచ్చేసరికి అటు చూడకుండానే "పనికిరాని జాగ" అని రాశాడు. అవ్వ కొంగు బిగించింది.

"పనికిరాదని ఎవలు చెప్పిన్రు సారూ? నువ్వు గట్టుకున్న ధోతి ఏడికెళ్ళొచ్చిందనుకున్నవ్?"

"అమ్మా, నా కాయితంల తరి పొలం, ఖుష్కి చెలక, పనికిరానిది, గీ మూడు గళ్ళే ఉన్నయ్. నన్నేం జెయ్యమంటవ్?"

"అయితే నీ కాయితం చిన్నగున్నది. వొయ్యి పెద్దది తెచ్చుకో పో."

నేను పగలబడి నవ్వాను. నా కాగితంలో నాలుగు గళ్ళున్నాయన్న ధీమాతో నవ్వాను.

మర్నాడు పొద్దున్నే అవ్వా నేనూ ఒడ్డంతా తిరిగాం. అవ్వకు మోకాళ్ళ నొప్పులు. కర్ర ఊనుకుంటూ నాకంటే ముందే నడిచింది. ఒడ్డు మొదట్లో గట్టు అడుగు నుంచి నీళ్ళు ఊరి తుంగ మొలిచిన చోట కర్రతో పొడిచి, "గివి చెమట నీళ్ళు" అంది. ఇసుక మేటలు చూపించి, "గాడికొచ్చేటియి బాటసారి నీళ్ళు. ఆగయ్, కూసోవు" అంది. నదికి దూరంగా ఒక పాత మడుగు ఉండేది. ఎండాకాలంలో కూడా ఎండేది కాదు. దాన్ని చూస్తే అవ్వకు ఎప్పుడూ చిరాకే. "ఇల్లరికం నీళ్ళు. వచ్చినయ్, కూసున్నయ్, ఇగ లేవయ్."

ఆ మడుగు చుట్టూ ఒడ్డంతా ఎండిపోయిన మే నెలలో కిక్కిస ఏపుగా, పచ్చగా ఉంది. నా పుస్తకంలో కూడా అది నిలవ నీటి మొక్క అనే ఉంది. నేను సంతోషంగా మొదటి గడిలో రాసుకున్నాను.

అవ్వ అక్కడ ఆగలేదు. ఇంకా ముందుకు వెళ్ళి ఒక పల్లపు నేల మధ్యలో నిలబడింది. నేల నెర్రెలు విచ్చి, వేళ్ళు దూరేంత పగుళ్ళు. వాటి మధ్య ఎండిన గడ్డి మోళ్ళు. మాఘంలో కోతలైన తర్వాత మిగిలినదాన్ని మేకలు నేలమట్టం చేసినట్టున్నాయి.

"గిదే బిడ్డా. చుట్టం నీళ్ళ జాగ. శ్రావణంల వస్తయ్, దీపావళి దాక ఉంటయ్, మంచిగ మర్యాదగ పోతయ్. పోయేటప్పుడు ఒండ్రు వెట్టి పోతయ్. మన కండె పుల్ల ఈడిదే."

"అవ్వా, ఈడ నీళ్ళేడున్నయ్? ఇది పొడి నేల."

"ఇప్పుడు లేవే. చుట్టం ఇంటికి పోయిండు."

"నేను నీళ్ళను కాదే రాసేది, నేలను."

"నేలేడికి పోతది? ఆడనే పడుంటది. వచ్చేటియి, పొయ్యేటియి నీళ్ళు. వచ్చిపొయ్యేటోళ్ళను గద యాది వెట్టుకోవాలె!"

నేను పెన్సిల్ తీసి నాలుగో గడిలో రాశాను: 'పొడి నేల. గడ్డి మోళ్ళు. విశేషం లేదు.' రాసింది చదివి వినిపించాను కూడా. అంత పొగరు.

ఆ సెలవుల చివర, కొత్త ఊరికి సామాను తరలించే రోజున అసలు పోట్లాట జరిగింది. మగ్గం కొయ్యలు, ధాన్యం గాదె, పడుగు కర్రలు ఎక్కించాక బండిలో ఒక్క గోనె సంచికి జాగా మిగిలింది. అందులో కిక్కిస గడ్డలు తీసుకుపోయి కొత్త ఊళ్ళో నాటాలని అవ్వ పంతం. ఆమె పట్టుబట్టిన వస్తువు అదొక్కటే. ఇల్లు పోతోందని ఏడవలేదు. కొత్త ఊళ్ళో కండె పుల్ల ఉండదేమోనని రెండు నెలల నుంచీ నిద్ర లేదు. తవ్వే శక్తి లేదు కాబట్టి నా మీద ఆధారపడింది.

"నెర్రెల జాగల తవ్వుకరా" అంది అవ్వ.

"అవి చచ్చిన మోళ్ళు. మడుగు కాడియి పచ్చగున్నయ్. అవే తవ్వుత" అన్నాను నేను.

"పచ్చగున్నయని ముద్దు వెట్టుకుంటవా? నేను పుట్టినకాడి నుంచి కోస్తున్న గడ్డి అది!"

"కోసుడు వేరు, చదువుడు వేరు."

బాపు ఎడ్లను పట్టుకుని విసిగిపోయాడు. "మీ ఇద్దరి కొట్లాట తెగేదాక ఎడ్లాగయి. అవ్వా, అది పెద్ద సదువు సదువుతాంది. దానికి తెల్వదా ఏంది? జర ఊకో."

అవ్వ ఊరుకుంది. నా జీవితంలో ఆమె నోరు మూసుకోవడం అదే మొదటిసారి చూశాను. గెలిచాననుకున్నాను. పారతో మడుగు ఒడ్డున గడ్డలు తవ్వి, తడి గోనెలో కుక్కి, బండి వెనక కట్టాను. దారి పొడుగునా అవ్వ ఆ గోనె వైపు తిరిగి చూడలేదు.

కొత్త ఊరు తిరుమలగిరి దిక్కు, ఎర్ర మట్టి మెట్ట చెలకల మీద. ఒకే ఒక్క కుంట. దాని అంచున గడ్డలు నాటాను. చెప్పకపోతే అన్యాయం, అవి బతికాయి. మరుసటేడు దసరా సెలవులకు వచ్చేసరికి మనిషెత్తు పెరిగాయి. నేను ఊరంతా తిప్పి చూపించాను. అవ్వను చెయ్యి పట్టుకుని తీసుకువెళ్ళాను. ఆమె ఒక కాడ కోసి పళ్ళ మధ్య పెట్టుకుంది. చప్పుడు రాలేదు. పంటి గాటు లోతుగా పడింది.

అయినా అవ్వ నన్ను చిన్నబుచ్చలేదు. కాడలు నీడలో ఆరబెట్టింది, ముక్కలు కోసింది, నూలు చుట్టింది. మొదటి కండె నాడెలో సగం తిరగకముందే చీలింది. రెండోది చుట్టుకోగానే చీలింది. మూడోదానికి బాపు మగ్గం గుంటలోంచి లేచి బయటికి వెళ్ళిపోయాడు.

"పెరుగుడైతే మంచిగనే పెరిగింది బిడ్డా" అంది అవ్వ. "ఇల్లరికపల్లుడు గద. తిండికేం తక్కువ చెయ్యలే."

అప్పుడైనా తిట్టి ఉంటే బాగుండేది.

ఆ కాడ ఒకటి, పాత ఊరి కండె పుల్ల ఒకటి పట్టుకుని హైదరాబాద్ వెళ్ళి లెక్చరరమ్మ ముందు పెట్టాను. రెంటినీ అడ్డంగా కోసి చాలాసేపు చూసింది. "రెండూ ఒకే జాతి అయ్యుండొచ్చు, నీటి తేడా వల్ల ఇలా మారి ఉండొచ్చు. వేరే జాతే కావచ్చు. పువ్వు లేకుండా చెప్పలేను. పాత తావులో పువ్వు ఎప్పుడు వస్తుంది?"

"నీళ్ళు పోయాక" అన్నాను. ఆ జవాబు అవ్వది. నా కాగితంలో లేదు.

"మరి నువ్వు వెళ్ళింది ఎప్పుడు?"

"మే నెలలో."

ఆమె నా కాగితం తీసి, నాలుగో గడి మీద వేలు పెట్టి, మళ్ళీ నాకే ఇచ్చేసింది.

దీపావళికి వచ్చి అవ్వను అడిగాను, పాత ఊరికి పోయి పువ్వూ గడ్డలూ తెచ్చుకుందామని. మోకాళ్ళు మరిచిపోయి లేచింది. గోనె సంచి తనే మడిచి చంకలో పెట్టుకుంది. బస్సు దిగి, బండి బాట పట్టి, మధ్యాహ్నానికి ఊరి పైనున్న గుట్ట ఎక్కాం. ఆ ఏడు ఆనకట్ట ఎత్తు పెరిగింది. నీళ్ళు ఊరి మొదటి వరస గోడల దాకా వచ్చి నిలిచాయి. మడుగు లేదు, మేటలు లేవు, పల్లం లేదు. నీటి రంగు అంతటా ఒక్కటే. ఏవి చెమట నీళ్ళో, ఏవి బాటసారి నీళ్ళో విడదీసి చెప్పడానికి ఏమీ మిగల్లేదు.

అవ్వ కర్ర మీద గడ్డం ఆనించింది.

"దీపావళి అయిపాయె గదనే" అంది. "చుట్టం ఈసారి పొయ్యేటట్టు లేడు."

గోనె సంచి గుట్ట మీద పరచుకుని కూర్చుని, తెచ్చుకున్న జొన్న రొట్టె తిన్నాం. అవ్వ ఖాళీ సంచి దులిపి, మళ్ళీ మడిచి చంకలో పెట్టుకుంది.

తర్వాత బాపు కట్టె కండెలు కొన్నాడు. నేత ఆగలేదు, ఎవరి బతుకూ కూలిపోలేదు. అవ్వ మాత్రం రాట్నం ముందు కూర్చోవడం తగ్గించింది. కట్టె కండె చేతికి బరువనేది. నా పరీక్షలయ్యే ఏడు అవ్వ పోయింది.

ఇప్పుడు నేనే ఒక కాలేజీలో వృక్షశాస్త్రం చెబుతున్నాను. చెరువు ఒడ్డునో వాగు ఒడ్డునో చూసి వచ్చి తావులు విడదీసి రాసిన పిల్లలను నేను మొదట అడిగేది, ఏ నెలలో చూశావని. ఒక్క నెల చూసి రాసిన కాగితాన్ని వెనక్కి విసిరేస్తాను. నాకు వాళ్ళు పెట్టిన పేర్లు నాకు తెలుసు. పెట్టుకోనీ.

ప్రతి ఎండాకాలం సాగర్ నీళ్ళు దిగినప్పుడు ఒకసారి వెళ్తాను. నీళ్ళు తగ్గిన చోట నేల బయటపడి నెర్రెలు విచ్చుతుంది, అచ్చం అప్పటిలాగే. వంగి పగుళ్ళ మధ్య మోళ్ళ కోసం వెతుకుతాను. పోయినసారి చేపల వల ఆరబెట్టుకుంటున్న ఆడమనిషి అడిగింది, "ఏం దేవులాడుతున్నవమ్మా?"

"గడ్డి."

"గడ్డి కోసం బస్సెక్కొచ్చినవా! మా దిక్కు మస్తున్నది, కోస్కపో."

ఆమె చూపించింది నిలవ నీళ్ళలో పెరిగిన కిక్కిస. అయినా ఆమె మనసు కష్టపెట్టకుండా ఒక కాడ కోసుకున్నాను. బస్సులో పళ్ళ మధ్య పెట్టుకుని చూశాను. గాటు పడింది.

లెక్చరరమ్మ ముందు పెట్టిన పాత పుల్లలో అడ్డంగా కోయగా మిగిలిన ముక్క నా కలం పెట్టెలో ఉంది. బొటనవేలంత. ఇదివరకు అప్పుడప్పుడు పంటితో నొక్కేదాన్ని, టక్‌మనేది. ఈ మధ్య మానేశాను. ఒక్కటే ఉంది.