కిటికీలోంచి కనపడిన రైలు

మా చిన్నప్పుడు... ఒకసారి నాన్నా నేనూ ఇద్దరమే ఊటీ వెళ్ళాలనుకున్నాం. ఇద్దరమే. ఈ మాట రెండుసార్లు ఎందుకు రాస్తున్నానంటే, చివరికి పదకొండు మందిమి వెళ్ళాం.

అప్పుడు నాకు పదమూడేళ్ళు. తమ్ముడు పుట్టి అమ్మ అమ్మమ్మగారింట్లో ఉంది. గుంటూరులో మా ఇంటి అరుగు మీద కూర్చుని నాన్న రైల్వే టైంటేబుల్ చదివేవారు, నేను రూళ్ళ నోట్‌బుక్కులో రాసుకునేదాన్ని. మద్రాసులో ఎన్నింటికి దిగుతాం, మేట్టుపాలయంలో ఎన్నింటికి ఎక్కుతాం... ఆ ఎక్కేది కొండ మీదికి పాకే బొమ్మ రైలు. నాకు ఊటీ అక్కర్లేదు, ఆ రైలు కావాలి. కిటికీ పక్కన నేను, ఎదురుగా నాన్న. అంతే.

ఆ నెల రోజులూ నాన్న నాతో పెద్దవాళ్ళతో మాట్లాడినట్టు మాట్లాడారు. "ఇక్కడ రెండు గంటలు ఖాళీ ఉందమ్మా, ఏం చేద్దాం?" అని నన్ను అడిగేవారు. నన్ను!

ఒక ఆదివారం పెదనాన్న వచ్చి "ఎటూ వెళ్తన్నావు గదరా, మేవూ వస్తాం" అన్నారు. నాన్న "దానికేం అన్నయ్యా, రండి" అనేశారు. వాళ్ళు ఐదుగురు. ఆ వారమే నాన్న ఆఫీసులో సుబ్బారావు గారికి తెలిసింది. వాళ్ళు నలుగురు. నేను ఏడ్చి గోల చేశాను. "ఎట్టా వద్దంటాం తల్లీ... ఏవనుకుంటారు?" అన్నారు నాన్న. నేనేమనుకుంటానో ఎవరూ అడగలేదు.

హోల్డాళ్ళు, మరచెంబులు, రెండు డబ్బాల పులిహోర, ఒక పంపు స్టవ్వు... మేట్టుపాలయంలో దిగితే బొమ్మ రైల్లో పదకొండు మందికి చోటు లేదన్నారు. అందరం బస్సెక్కాం. సుబ్బారావు గారి చిన్నపిల్లని నా ఒళ్ళో కూర్చోబెట్టారు. ఘాట్ రోడ్డు మలుపుల్లో ఆ పిల్ల నా పరికిణీ మీద వాంతి చేసుకుంది. సరిగ్గా అప్పుడే ముందు సీట్లోంచి నాన్న వెనక్కి తిరిగి, ఎంతో సంబరంగా, "అదిగోనమ్మా నీ రైలు! కిటికీలోంచి చూడు, కనపడతంది!" అన్నారు.

కనపడింది. నీలం రంగు పెట్టెలు, పొగ... నాకు ఒళ్ళు మండిపోయింది.

ఇప్పటికీ మండుతూనే ఉంది. ఊటీలో అందరం కలిసి దిగిన ఫొటో ఒకటుంది. నాన్న ఏటా దాన్ని వాట్సాప్‌లో పెట్టి "ఎంత బాగా గడిచిందో" అని రాస్తారు. బంధువులంతా కింద "గోల్డెన్ డేస్" అని వరస కడతారు. ఆ ఫొటోలో ఒక మూల మూతి ముడుచుకుని నిలబడ్డ పిల్లని ఎవరూ గమనించరు.

ఇదంతా ఇప్పుడెందుకంటే...

ఇక్కడ అమెరికాలో, చాండ్లర్‌లో, మా అమ్మాయి మేఘనకి పదిహేనేళ్ళు. స్కూల్లో ఫ్రెంచ్ చదువుతోంది. ఈ సమ్మర్‌లో మేమిద్దరం ఫ్రాన్స్ వెళ్దామని చలికాలం నుంచీ ప్లాన్ చేస్తున్నాం. వాళ్ళ నాన్నకి లీవ్ దొరకదు. ప్లానంతా దానిదే... కారు వద్దంది, అన్నీ రైళ్ళే. ఉత్తరాన సముద్రం ఒడ్డున ఒక చోటుందట. నీళ్ళు వెనక్కి తగ్గినప్పుడు గైడ్ వెంట చెప్పుల్లేకుండా గంటల తరబడి తడి ఇసుకలో నడిచి దీవి మీదున్న పాత మఠానికి వెళ్ళొచ్చట. మేఘనకి కావాల్సింది ఆ ఒక్క నడక. "అమ్మా, అక్కడ నువ్వు ఇంగ్లీష్ మాట్లాడొద్దు, ఓకే? నేనే టాక్ చేస్తా. నువ్వు జస్ట్ నాతో వాక్ చెయ్" అంది. అన్నానికి పిలిచినా గది తలుపు తియ్యని పిల్ల, ఆదివారం పొద్దున్నే ల్యాప్‌టాప్ తెచ్చుకుని వంటింట్లో నా పక్కన కూర్చునేది.

మార్చిలో ఒక బర్త్‌డే పార్టీలో నోరు జారాను. మా ఫ్యామిలీ ఫ్రెండ్ పద్మ గారు అందుకున్నారు. "అయ్యో, ఒక్కరే అమ్మాయినేసుకుని ఎలా వెళ్తారండీ? ఎలాగూ వెళ్తున్నారుగా, మేమూ వస్తాం. పెద్ద వ్యాన్ రెంట్ చేద్దాం. స్విట్జర్లాండ్ పక్కనే కదా, అదీ కలిపేద్దాం. రైస్ కుక్కర్ నేను తెస్తా!"

నా నోట్లోంచి ఏం వచ్చిందో తెలుసా? "దానికేం అండీ, రండి."

అచ్చం నాన్న గొంతు. చెంపలు వాయించుకోవాలనిపించింది... ఏమీ చెయ్యకుండా ప్లేట్లో ఉన్న గారె తిన్నాను.

ఇంటికొస్తూ కార్‌లో మేఘనకి చెప్పాను. అరుస్తుందనుకున్నాను. అరవలేదు. "ఎస్ చెప్పేశావా? నన్ను అడగకుండా?" అంది. "ఎలా కాదంటామే... ఏమనుకుంటారు?" అన్నాను నేను, సిగ్గు లేకుండా.

మర్నాడు ప్లాన్ తెరిచి చూస్తే ఆ నడక రోజు లేదు. తీసేసింది. వెళ్ళి అడిగితే తల ఎత్తకుండా, "పద్మా ఆంటీ కిడ్స్ అంత వాక్ చెయ్యలేరు కదా. ఇట్స్ ఫైన్ అమ్మా. వ్యాన్ విండోలోంచి కనపడుతుంది" అంది.

దానికి ఊటీ సంగతి నేనెప్పుడూ చెప్పలేదు.

అక్కడే నిలబడి పద్మ గారికి ఫోన్ చేశాను. "ఫ్రాన్స్‌కి మేమిద్దరమే వెళ్తామండీ. మీరు రావద్దు" అన్నాను. అటు నుంచి ఆవిడ "అలాగా... ముందే చెప్పాల్సింది. మావారు లీవ్ కూడా అప్లై చేసేశారు" అన్నారు. తప్పు నాదేనన్నాను, క్షమించమన్నాను. రమ్మని మాత్రం అనలేదు. అప్పట్నుంచి ఆవిడ గుళ్ళో కనపడితే మొహం తిప్పుకుని వెళ్ళిపోతున్నారు. వెళ్ళనివ్వండి.

సాయంత్రానికి ఆ రోజు మళ్ళీ ప్లాన్‌లోకి వచ్చింది. పక్కన ఇంగ్లీషులో కొత్తగా ఒక ముక్క రాసి ఉంది... అమ్మ షూస్ నా బ్యాగ్‌లో పెట్టాలి అని.

రోజులు మారిపోయాయని అందరూ అంటారు. హోల్డాళ్ళు పోయాయి, మరచెంబులు పోయాయి. ఈ దిక్కుమాలిన "ఏమనుకుంటారు" మాత్రం వీసా కూడా లేకుండా ఇంత దూరం వచ్చేసింది. మీ చిన్నప్పుడు ఎవరేమనుకుంటారోనని మీ ఇంట్లో ఏది వదిలేశారో కింద రాయండి. గోల్డెన్ డేస్ అని మాత్రం రాయకండి, నాకు తిక్క రేగుతుంది.

నాన్నా, ఇది మీరూ చదువుతారని తెలుసు. ఆ బొమ్మ రైలు ఇంకా నడుస్తోందట... డిసెంబర్‌లో వస్తున్నాను. ఇద్దరమే. ఎవరైనా వస్తామంటే ఫోన్ నాకివ్వండి, వద్దని నేను చెప్తాను.