ఉన్నదాంట్ల మంచిది

పెర్కిట్‌లో ఉండే మా అత్త, అంటే నా భార్య తల్లి, పన్నెండు రోజుల కింద చనిపోయింది. గుండె ఆగిందట. నేను ఆర్మూర్ మార్కెట్ యార్డులో పసుపు కుప్పల దగ్గర ఉండగా నా భార్య ఫోన్ చేసి "అమ్మ లేదు" అన్నది, అంతే. మా అత్త కిడ్నీ ఒకటి పదకొండేళ్లుగా నా ఒంట్లో పనిచేస్తోంది. ఇచ్చిన మనిషి పోయింది, తీసుకున్న నేను నిక్షేపంగా ఉన్నాను. ఈ సిగ్గు ఎవరికి చెప్పుకోవాలో తెలియక, నన్నెరగని మీకు రాస్తున్నాను.

మా అత్త నా ఎదుట కూర్చోగా నేనెన్నడూ చూడలేదు. నేను గడపలో కాలుపెడితే కొంగు నెత్తిమీదికి లాక్కొని వంటింట్లోకి పోయేది. ఏ మాటైనా తలుపుచాటు నుంచే, అదీ బిడ్డకు చెప్పినట్టు: "అల్లున్ని ఇంకింత ఏస్కోమను బిడ్డా."

అప్పట్లో నా రెండు కిడ్నీలూ చెడిపోయాయి. నాకు అమ్మానాన్నలు లేరు, తోడబుట్టినవాళ్లూ లేరు. నా భార్య ఇస్తానంటే బ్లడ్ గ్రూపు కలవలేదు. దవాఖాన మెట్లమీద కూర్చొని ఏడ్చింది. మా అత్త పక్కనే నిలబడి, "ఏడ్వకు. నాది జూడమను" అన్నది. ఆమె గ్రూపు కలిసింది.

రక్తసంబంధం కాదు కాబట్టి హైదరాబాద్‌లో అవయవదానానికి అనుమతిచ్చే కమిటీ ముందుకు పిలిచారు. ఇద్దరూ కలిసి దిగిన ఫోటో అడిగారు. ఒక్కటీ లేదు.

"మా దిక్కు అత్త అల్లుని పక్కపొంటి నిలవడదు సార్. ఫోటో యాడికెళ్లి వస్తది?" అన్నది మా అత్త.

"మరి కిడ్నీ ఎందుకిస్తున్నావమ్మా?"

"అల్లుడొస్తె ఇంట్ల ఉన్నదాంట్ల మంచిది పెడ్తం గద సార్. గిదీ గంతే."

వాళ్లు నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

టిష్యూ పరీక్షలో, చూసే ఆరు గుర్తుల్లో ఒక్కటే కలిసింది. ఎక్కువ కలిస్తే ఎక్కువకాలం నిలిచే అవకాశం ఉంటుందని, అయినా మందులు ఒక్కపూట తప్పకుంటే ఇదీ ఏళ్లతరబడి పనిచేయొచ్చని డాక్టర్ అన్నాడు. ఆ "ఒక్కటే" మా అత్త మనసులో గుచ్చుకుంది. నాసిరకం సరుకేదో అంటగట్టినట్టు బాధపడేది. ఆపరేషన్ తర్వాత నా రక్తపరీక్ష ఉన్న ప్రతిసారీ బిడ్డకు ఫోన్ చేసేది. "ఎట్లొచ్చింది? నాది మంచిగ చేస్తున్నదా?" చేస్తున్నదంటే, "జర నీళ్లు మంచిగ తాగుమను" అని పెట్టేసేది.

ఆమెకు ఒంట్లో ఎలా ఉందో నేను అడిగానా? అడగలేదు. థూ, ఏం మనిషిని! మర్యాద అడ్డమని పదకొండేళ్లలో ఆమెతో నేరుగా ఒక్క మంచిమాట చెప్పలేదు. తలుపవతల నిలబడి అయినా చెప్పాల్సింది.

దినాలు అయిపోయాయి. నిన్న పొద్దున మందులు మింగి మంచంమీద కూర్చున్నాను. నా భార్య వచ్చి నా ముందు నేలమీద కూర్చున్నది. నా చొక్కా పైకెత్తి కుడివైపు పొత్తికడుపు మీద అరచేయి పెట్టింది. వేసిన కిడ్నీ అక్కడే, చర్మం కిందే ఉంటుంది, చేతికి తగులుతుంది. కాసేపు తడిమి, చెంప ఆనించింది.

"అమ్మా," అని పిలిచింది.

నేను కదలకుండా కూర్చున్నాను. మళ్లీ పిలిచింది.