గ్యోంగ్‌జు మట్టిగుట్టలు

నాకు ఒకచోట కాలు నిలవదు. కాలుగాలిన పిల్లి అనేది మా అమ్మ. హైటెక్ సిటీలో పన్నెండో అంతస్తులో వారమంతా కుర్చీకి అతుక్కుపోయే వాడికి ఆదివారం దొరికితే ఊరుకుంటాడా? ఆఫీసు పని మీద కొరియా వెళ్ళినప్పుడు, తోటివాళ్ళంతా షాపింగ్‌కి పోతే నేనొక్కణ్ణే రైలెక్కి గ్యోంగ్‌జు అనే పాత రాజధానికి పోయాను. స్టేషన్లో ఒక కాగితం ఇచ్చారు. దాని మీద చెట్లకు నంబర్లు, చెట్టు నుంచి చెట్టుకి ఒక గీత. గైడు లేడు, గోల లేదు. ఆ గీత పట్టుకుని నడవడమే.

పొద్దుటి మంచు ఇంకా విడలేదు. వీధిలో అలికిడి లేదు. ఇళ్ళన్నీ పొట్టిగా, పెంకుల కప్పులతో ఉన్నాయి. వాటి మధ్య, వాటికన్నా ఎత్తుగా, గుండ్రటి పచ్చటి గుట్టలు మంచులోంచి ఒక్కొక్కటే తేలి వస్తున్నాయి. నడుస్తున్నానో, ఇంకా నిద్రలోనే ఉన్నానో తెలియలేదు. అంత హాయిలోనూ మా ఊరు గోపన్‌పల్లి బుద్ధి పోతుందా? ‘అబ్బో, ఎన్ని సెల్లార్లు తవ్వితే ఇంత మట్టి వచ్చిందో! పని ఆగిపోయి గడ్డి మొలిచినట్టుంది’ అనుకున్నాను. మా వైపు మట్టిగుట్ట కనిపిస్తే దానికి ఇంకో అర్థం లేదు.

ఏడో నంబరు చెట్టు ఒక గుట్ట మీదే ఉంది. చూద్దామని నాలుగడుగులు ఎక్కానో లేదో, కింద నుంచి ఒక ముసలమ్మ కేకలు. భాష రాకపోయినా తిట్లు తెలుస్తాయి కదా, దిగాను. ఆమె రెండు చేతులూ చెంప కింద పెట్టుకుని, కళ్ళు మూసి చూపించింది. తర్వాత గుట్టకి వంగి దండం పెట్టింది. అప్పుడు చదివాను అక్కడి ఇంగ్లీషు బోర్డు. అవన్నీ రాజులవీ, వాళ్ళ వాళ్ళవీ సమాధులు. వెయ్యేళ్ళకు పైగా ఊరు వాటిని తప్పుకుంటూ ఇళ్ళు కట్టుకుంది.

మా అమ్మ గుర్తొచ్చింది. మాకు మిగిలిన పొలంలో అమ్మ సమాధి ఉంది. పెద్దలకు పెట్టే పెత్రమాస అమావాస్యకు నేనూ తమ్ముడూ అక్కడే విస్తరి పెడతాం. ఆ పొలం అపార్ట్‌మెంట్లకి ఇచ్చాం. గేటు సరిగ్గా సమాధి మీదికే వస్తోందని బిల్డర్ అన్నప్పుడు తమ్ముడు నేల చూపులు చూశాడు. నేనే పెద్ద తెలిసినవాడిలా, “సచ్చినోళ్ళకు ఏం తెలుస్తది, తీసెయ్యుండ్రి” అన్నాను. రేపు సోమవారం జేసీబీ వస్తుంది. ఛీ, ఆ మాట నా నోట ఎలా వచ్చింది!

బెంచీ మీద కూలబడి తమ్ముడికి ఫోన్ చేశాను. మన దగ్గర అప్పుడప్పుడే తెల్లవారుతోంది.

“ఏందన్నా, గింత పొద్దుగాల్నే? ఏమన్న పరేషానా?”

“ఒరేయ్, రేపు జేసీబీని రానియ్యకు. అమ్మ జోలికి పోవద్దను. గేటు ఎటన్న పెట్టుకోమను.”

 వాడు మెల్లగా అన్నాడు.

“నువ్వు ఫ్లైటెక్కిన్నాడే పోయి బిల్డర్‌కు చెప్పిన అన్నా. కాళ్ళు మొక్కి గేటు పక్కకు జరిపిచ్చిన. నీకు చెప్తే కోపం చేస్తవని ఊకున్న.”

సిగ్గుతో చచ్చిపోయాను. అమ్మను దాచుకోవడానికి వాడు నాకు భయపడ్డాడు. “అన్నా, ఉన్నవా? అన్నా?” అని అడుగుతూనే ఉన్నాడు. ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని లేచి, ఆ ముసలమ్మ వంగినట్టే గుట్టకి వంగాను.